‘ఇరి’ని పట్టుకుంటే చాలు

నేను నెల్లూరు–కావలి రూట్లో కండక్టర్ని. ఎక్కండి, దిగండి, లోపలికి జరగండి... రోజంతా నోట్లో నలిగేవి ఇవే. అందుకే ఎస్పెరాంతో భాష నేర్చుకోవడం మొదలుపెట్టగానే ‘ఇరి’ అనే క్రియని పట్టుకున్నాను. పోవడం అని అర్థం. 1887లో వార్సాలో ఈ భాషని తయారుచేసిన జామెన్‌హోఫ్ దాని మొదటి పుస్తకం వేసినప్పుడు వ్యాకరణమంతా 16 సూత్రాల్లో సర్దేశాడు. ఒక క్రియ ఎలా నడిస్తే మిగతావీ అలాగే నడుస్తాయి.

ముందు కాలాలు తేల్చేసుకోండి. ఇరస్ అంటే పోతున్నా, ఇరిస్ అంటే పోయా, ఇరోస్ అంటే రేపో ఎల్లుండో పోతా. పోతావు, పోతాడు, పోతుంది అనే తేడాల్లేవు, అందరికీ ఇరస్సే. అయితే మనలాగా ‘పోతుండా’ అని ఊరుకుంటే కుదరదు, ‘మి ఇరస్’ అని నేనేనని చెప్పి తీరాలి. ఎవరినైనా పొమ్మనాలంటే ‘ఇరు’. చెన్నై వాళ్ళ ముందు మాత్రం జాగ్రత్త, అరవంలో ఇరు అంటే ఉండమని!

ఇక అసలు పని. టికెట్ మిషన్ రోలు చివర కాస్త కాగితం మిగిలితే ముక్కలు చేసి, ఒకదాని మీద ‘ఇర్’ అని రాసుకున్నాను. మీరు ఏ కాగితమైనా తీసుకోండి. దానికి ముందు ‘ఎల్’ ముక్క పెడితే ఎలిరి, బయటికి పోవడం. ‘ఎన్’ పెడితే ఎనిరి, లోపలికి. ‘ఎక్’ పెడితే ఎకిరి, బయల్దేరడం. చివర్న ‘ఎయో’ తగిలిస్తే చోటు: ఎనిరేయో లోపలికి దారి, ఎలిరేయో బయటికి. పలికేటప్పుడు ఒత్తు ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీదే.

త్రాన్సిరి అంటే దాటడం. దాటగలిగేది త్రాన్సిరేబ్లా, ముందు ‘నె’ పెడితే దాటలేనిది. నవంబరు వానల్లో నీళ్ళు నిండిన మా నెల్లూరు మాగుంట లేఔట్ అండర్‌బ్రిడ్జిని తలుచుకోండి, ‘నెత్రాన్సిరేబ్లా’ జన్మలో మర్చిపోరు. నాకు బాగా నచ్చింది ప్రెతెరిరాంతో. పక్కనుంచి పోయేవాడు, అంటే మన దారినపోయే దానయ్య.

నేను బోర్లాపడింది మాత్రం ‘లో’ దగ్గర. ఊళ్ళోకి పోతున్నానని ఒక కలం స్నేహితుడికి ‘మి ఇరస్ ఎన్ లా ఉర్బో’ అని రాశాను. ‘డ్యూటీ లేదా, ఊళ్ళో తిరుగుతున్నావు?’ అని జవాబొచ్చింది. ‘ఉర్బోన్’ అని చివర ‘న్’ పెట్టుంటే సరిపోయేది. దీనికి విభక్తి అంటూ పేజీలు నింపుతారు గానీ మనకెందుకు? తెలుగులో ‘లో’ అంటే న్ వద్దు, ‘లోకి’ అంటే న్ పెట్టండి. కావలికి అనడానికైతే ముందు ‘అల్’ చాలు, న్ అక్కర్లేదు.

బస్సులో పోవడానికి వేరే క్రియ ఉంది, వెతూరి. ఇరి అన్నా తప్పు కాదు.

ఇంకో చిక్కు. ఇంట్లోంచి కదిలేటప్పుడు ‘పోతా’ అంటే మా అమ్మ ఊరుకోదు, ‘పోయొస్తా’ అనాల్సిందే. దానికి ఇరి ఒక్కటే చాలదు, తిరిగి రావడమనే ‘రెవేని’ని కూడా పిలవాలి. ‘మి ఇరోస్ కయ్ రెవేనోస్.’ తెల్లారుజామున ఫస్ట్ సర్వీసుకి బయల్దేరుతూ చెప్పులేసుకుంటూ అదే అంటాను.

‘ఏందిరా ఆ గొణుగుడు’ అంటుంది, క్యారియరు చేతికిస్తూ.