తడిగుడ్డతో తెలిసిన జబ్బు

ఒకప్పుడు మద్రాసు దగ్గరి షోళవరం రన్‌వే మీద పందేల్లో పరుగెత్తిన ఫియట్ 1100 కారు మాది. బాగు చేయించాక 1089 సీసీ ఇంజను పొద్దున చక్కగా పలికేది. మధ్యాహ్నం బంజారాహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే మాత్రం రొప్పి రొప్పి ఆగిపోయేది. ప్లగ్గులు, కాయిల్, పాయింట్లు మార్చినా అంతే.

ఒకరోజు రోడ్డు పక్కనే ఆపి, పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టాను. చుయ్‌మంది. కాసేపటికి ఇంజను అందుకుంది! పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతోంది. పంపు ఆ ఆవిరిని తోయలేకపోతోంది. వంగి చూస్తే, పందేల రోజుల్లో ఎవరో మార్చిన రాగి గొట్టం సైలెన్సర్ పైపుకు వేలెడు దూరంలో ఉంది. దాన్ని ఛాసిస్ వైపు జరిపి, మధ్యలో అల్యూమినియం రేకు బిగించాను. ఇంజను వేడి పంపుకు తగలకుండా, దాని కింద రాణీగంజ్‌లో దొరికిన బేకలైట్ (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్) ముక్క వేశాను. అది మరీ మందమైతే పంపు స్ట్రోకు, అంటే పెట్రోలును తోసే లోపలి కదలిక, తగ్గుతుంది, జాగ్రత్త.

మే ఎండలో గోల్కొండ దాకా వెళ్లి వచ్చాను. ఎక్కడా ఆగలేదు, నా బంగారం!