అధిక కొలెస్ట్రాల్: చైనా వైద్య నిర్ధారణను ఏపీఓఈ జన్యువుతో పోల్చే పద్ధతి

అధిక కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లలో చైనా వైద్యుడు రాసే నిర్ధారణకూ, కొలెస్ట్రాల్‌ను రక్తంలో మోసే ప్రోటీన్‌ను తయారుచేసే ఏపీఓఈ జన్యువుకూ సంబంధముందో లేదో చూసే పద్ధతి ఇది. ఈ సమస్యను చైనా సంప్రదాయ వైద్యులు నాలుక, నాడి చూసి ఎక్కువగా కఫ మాలిన్యం, రక్త స్తంభన, ప్లీహ-మూత్రపిండ బలహీనత అనే కోవల్లో పెడతారు. ఇక్కడి కఫం ఆయుర్వేదంలోని కఫ దోషం కాదు. రెండూ కలిపేస్తే మొదట్లోనే దారి తప్పుతాం.

కోవ రాసి సంతకం పెట్టాకే జన్యు ఫలితం తెరవండి. ముందే తెలిస్తే నాలుక మనకు కావలసినట్టే కనిపిస్తుంది.

థైరాయిడ్ లోపం, అదుపులో లేని షుగర్, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే మూత్రపిండ జబ్బు) ఉన్నవాళ్లనూ, స్టెరాయిడ్లు వాడేవాళ్లనూ పక్కన పెట్టాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులతోపాటు ఎర్ర ఈస్ట్ బియ్యం గురించీ అడగండి. అందులోని మోనకోలిన్ కె అంటే లోవాస్టాటిన్ అనే స్టాటినే. చాలామంది దాన్ని మందుగా లెక్కేయరు, అడిగితే తప్ప చెప్పరు.

పరగడుపున, 9–12 గంటల తర్వాత రక్తం తీయాలి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే లెక్కకట్టిన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పనికిరాదు, నేరుగా కొలిపించాలి.

నాలుకను పగటి వెలుతురులో చూడాలి. ఆ పొద్దున కాఫీ తాగినా, నాలుక గీసుకున్నా పూత నమ్మదగ్గది కాదు. జిడ్డుగా మందపాటి పూత, జారుడు నాడి ఉంటే కఫ మాలిన్యం. ఊదా నాలుక, కింద ఉబ్బిన సిరలు ఉంటే రక్త స్తంభన. పళ్ల అచ్చులున్న పాలిపోయిన నాలుక, బలహీనమైన లోతు నాడి అయితే ప్లీహ-మూత్రపిండ బలహీనత. ఇద్దరు వైద్యులు ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా రాయాలి.

ఇక జన్యువు. ఏపీఓఈ ప్రోటీన్‌లో 112, 158 స్థానాల్లో ఏ అమైనో ఆమ్లం ఉందో చూస్తాం. రెండింటా సిస్టీన్ ఉంటే ఈ2, రెండింటా ఆర్జినిన్ ఉంటే ఈ4, 112లో సిస్టీన్, 158లో ఆర్జినిన్ ఉంటే ఈ3. పీసీఆర్‌తో నకళ్లు తీసిన 244 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కను హెచ్‌హెచ్‌ఏ-1 అనే డీఎన్‌ఏ కోసే ఎంజైముతో కోసి జెల్‌లో నడిపితే ఈ2కి 91, 83. ఈ3కి 91, 48. ఈ4కి 72, 48 బేస్‌ల గీతలు వస్తాయి. కోత సగంలో ఆగితే పొరపాటు వస్తుంది. ఈ4/ఈ4 (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ4 వచ్చిన) మనిషిలో 91 గీత మిగిలితే ఈ3/ఈ4గా చదివేస్తాం. అందుకే రకం ముందే తెలిసిన ఈ4/ఈ4, ఈ2/ఈ3 నమూనాలను ప్రతి జెల్‌లోనూ నడపండి.

లెక్కల్లో ఈ2/ఈ4 వాళ్లను వదిలేయండి, వాళ్లు ఈ2 వైపూ ఈ4 వైపూ చెందరు. కోవకూ జన్యు రకానికీ సంబంధం చూసేటప్పుడు వయసు, లింగం, బరువుల ప్రభావాన్ని సర్దాక ఎల్‌డీఎల్ విలువనూ చేర్చి చూడండి. అప్పుడు సంబంధం మాయమైతే, కోవ చెబుతున్నది కొలెస్ట్రాల్ ఎంతుందన్నదే.

ఈ2/ఈ2 ఉండి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ బాగా పెరిగినా, అరచేతి గీతలు పసుపెక్కినా అది మూడో రకం లిపిడ్ వ్యాధి కావచ్చు. నాలుక ఏం చెప్పినా లిపిడ్ నిపుణుడి దగ్గరికి పంపాలి.