సీసాలో ఉన్న ఇసుక లెక్కలో ఎందుకు రాలేదు?

సమస్య: వరద జోరుగా ఉంది, నీరు చిక్కగా పారుతోంది. ఆ నదిలో సీసాతో పట్టిన నమూనాకు ల్యాబ్ చెప్పిన మట్టి గాఢత మాత్రం మరీ తక్కువ. అదే సీసాను మళ్లీ పరీక్షిస్తే ఇంకో అంకె.

ఇక్కడ చాలామంది నేరుగా నదిలో నీటి మసకను (టర్బిడిటీ) కొలిచే సెన్సర్ కాలిబ్రేషన్ మీద పడతారు. ఆగండి. ల్యాబ్‌లో పని ముగిశాక మిగిలిన సీసా పారేయకుండా తెప్పించి అడుగు చూడండి. వేలికి గరుకుగా తగులుతోందా? అయితే ఇసుక అక్కడే మిగిలిపోయింది, ఇంకేమీ విప్పక్కర్లేదు.

కారణం: సీసా కుదిపి, పిపెట్‌తో 100 మి.లీ. తీసి, దాన్నే వడకట్టారు. 0.2 మి.మీ. ఇసుక రేణువు నిలకడ నీటిలో సెకనుకు దాదాపు 2 సెం.మీ. దిగుతుంది. 15 సెం.మీ. నీటిలో అడుగు చేరడానికి 7, 8 సెకన్లు చాలు. మీరు కుదపడం ఆపి పిపెట్ ముంచేలోగా సగం దారి దాటేస్తుంది. 2 మైక్రాన్ల బంకమట్టికి అదే దూరం 11 గంటల పైమాటే. కాబట్టి బంకమట్టి మొత్తం లెక్కలోకి వస్తుంది, ఇసుక సీసాలోనే ఉండిపోతుంది. జలాశయం లోతట్టు నమూనాల్లో ఈ తప్పు బయటపడదు, అక్కడికి వచ్చేలోపే ఇసుక దిగిపోయి ఉంటుంది. పద్ధతి బాగానే ఉందనిపించేది అందుకే. నేనూ అలాగే అనుకుని ఒక సీజన్ వరద లెక్కలన్నీ పాడుచేసుకున్నాను. తర్వాత ఏదో ఒక గుణకంతో సరిచేద్దామనుకున్నాను గానీ కుదరలేదు. ఇసుక పాలు వరద వరదకీ మారిపోతుంది.

పరిష్కారం: సీసా మొత్తాన్ని వడకట్టాలి. ముందు నీటితో సహా తూచండి. తర్వాత అంతా ఫిల్టర్ మీదికి వంచి, సీసాను డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి ఆ నీళ్లూ పోయండి. 103–105 డిగ్రీల సెల్సియస్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్ర) చల్లార్చి, బరువు నిలకడగా వచ్చేదాకా తూచండి. ఖాళీ సీసా బరువు తీసేయడం మరవొద్దు. మట్టి మరీ ఎక్కువై ఫిల్టర్ మూసుకుపోతుంటే, ముందు 0.063 మి.మీ. జల్లెడతో ఇసుకను వేరుచేసి విడిగా తూచండి. సెన్సర్ అంకెను మట్టి గాఢతగా మార్చడానికి పాత అంకెలతో కట్టిన టర్బిడిటీ సమీకరణం ఉంటే దాన్నీ మళ్లీ కట్టాల్సిందే.

సెన్సర్ అంకె వరద లేకుండానే రోజురోజుకీ పెరుగుతోందా? అద్దం మీద నాచు, తుడవండి. ఫిల్టర్ మీది మట్టి బరువు మైనస్‌లో వస్తే, వడకట్టకముందు ఖాళీ ఫిల్టర్‌ను తేమతో తూచారు. నదిలో నమూనా పట్టే శాంప్లర్ నాజిల్ దెబ్బతినడం అరుదు, పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.