వేడి మీద స్టార్ట్ కాని డీజిల్ లారీ: లక్షణం, కారణం, రిపేరు

పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మధ్యాహ్నం ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి దింపి పావుగంట ఆగినా, భూపాలపల్లి బొగ్గు కాటా లైన్లో ఇంజిన్ ఆపినా మళ్లీ అందుకోదు. గంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఆటోనగర్ నుంచి మెకానిక్ వచ్చేసరికి బండి చల్లబడి ఉంటుంది, ఏ లోపమూ దొరకదు. ఆ తర్వాత అందాజుగా ఇంజెక్టర్లు, పంపు, బ్యాటరీ ఒక్కొక్కటే మారుతుంటాయి. ఈ జబ్బుకు సంబంధించిన ప్రతి పరీక్షా బండి వేడిగా, మొరాయించి ఉన్నప్పుడే చేయాలి. బండిలో ఒక మల్టీమీటరు, రెండడుగుల పారదర్శక డీజిల్ పైపు ఉంటే సగం పని రోడ్డు మీదే తేలిపోతుంది.

ఆపిన తర్వాతే ఎందుకు? ఇంజిన్ ఆగగానే వాటర్ పంపు, ఫ్యాను కూడా ఆగుతాయి. బ్లాకులో ఉన్న వేడి మాత్రం ఎటూ పోదు. అది డీజిల్ పంపుకు, సెన్సార్లకు, సెల్ఫ్ మోటారుకు ఎక్కుతుంది. అందుకే బండి నడుస్తున్నప్పటి కంటే ఆపిన 15 నుంచి 30 నిమిషాల మధ్యే ఈ భాగాలు ఎక్కువ కాలుతుంటాయి. రామగుండం వైపు మే నెల ఎండ తోడైతే చెప్పేదేముంది.

చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్ట్ అయ్యే బండిలో రింగులు, లైనర్లు అరిగాయని ఇంజిన్ విప్పొద్దు. కంప్రెషన్ తక్కువైతే ముందు పొద్దున స్టార్టింగే చెడుతుంది. ఒక్క మినహాయింపు: ఈ మధ్యే హెడ్ పని జరిగి, ట్యాపెట్ గ్యాపు (వాల్వు మీద వదిలే సందు) మరీ బిగుతుగా పెట్టి ఉంటే, వేడికి వాల్వులు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో గ్యాపు చూసుకుంటే చాలు.

సెల్ఫ్ బరువుగా, నెమ్మదిగా తిరుగుతుంటే

ముందు దీన్ని తేల్చుకోవాలి. ఇంజిన్ తగినంత వేగంగా తిరగకపోతే పంపు ఎంత మంచిదైనా ప్రెషర్ కట్టదు. రాగి తీగ 60 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని నిరోధం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. పాత టెర్మినల్, తుప్పు పట్టిన ఎర్త్ కేబుల్ చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తాయి, వేడి మీద చేతులెత్తేస్తాయి.

24 వోల్టుల బండిలో సెల్ఫ్ కొడుతూ రెండు బ్యాటరీల మీద కలిపి మీటరు పెట్టండి. సుమారు 19 వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీల సంగతి చూడాలి. నిలబడితే మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొన ఇంజిన్ బ్లాకు మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ దారిలో లోపముంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న పట్టీ కేబులే అసలు దారి. దాన్ని విప్పి, రెండు చివర్లా లోహం మెరిసేదాకా గీకి బిగించాలి. ఇవన్నీ బాగుంటే సెల్ఫ్ విప్పించండి. బుష్‌లు అరిగి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) రాసుకుంటుంటే లోపల గీతలు కనిపిస్తాయి. బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు మారిస్తే చాలావరకు సరిపోతుంది.

ఒకేసారి పది, పదిహేను సెకండ్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకున్నట్టు ఆగిపోతే అక్కడితో ఆపేయాలి. సిలిండర్‌లోకి కూలెంట్ దిగి ఉండొచ్చు.

సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, పొగ కూడా రాదు

సైలెన్సర్ నుంచి తెల్లపొగ అసలు రాకపోతే సిలిండర్‌కు డీజిల్ చేరట్లేదు. ఇక్కడ డీజిల్ పంపు రకాన్ని బట్టి దారి మారుతుంది. బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) బండి అనగానే కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హైప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే పద్ధతి) అనుకోవద్దు. అశోక్ లేలాండ్ బీఎస్-4 ఇంజిన్లలో ఇన్‌లైన్ పంపుతో (ఒక్కో సిలిండర్‌కు డీజిల్‌ను నొక్కే ప్లంజర్ ఒక్కోటి వరసగా ఉండే పంపు) వచ్చినవీ ఉన్నాయి. బానెట్ లేదా క్యాబిన్ ఎత్తి కళ్లతో చూడండి.

ఇన్‌లైన్ పంపు బండిలో ఒక ఇంజెక్టర్ దగ్గర డెలివరీ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ గట్టిగా కొట్టినట్టు రావాలి. కారుతున్నట్టు వస్తే పంపు ఎలిమెంట్లు (ప్లంజర్, దాని గొట్టం) అరిగాయి. వేడి డీజిల్ పలచబడి ప్లంజర్ పక్క నుంచి జారిపోతుంది, నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం అందుకుంటుందంటే అదే దీని గుర్తు.

కానీ పంపు దించే ముందు దాని రిటర్న్ పైపు దగ్గర ఉండే ఓవర్‌ఫ్లో వాల్వు చూడండి. లోపలి స్ప్రింగు నీరసించినా, ఎప్పుడో ఎవరో దాని స్థానంలో మామూలు బాంజో బోల్టు (నడుమ రంధ్రమున్న పైపు బోల్టు) పెట్టినా పంపు గ్యాలరీలో (ఎలిమెంట్లకు డీజిల్ చేరే గదిలో) ప్రెషర్ నిలవదు. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ, అయినా ఎక్కువ మంది దీన్ని వదిలేస్తారు. ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) వాల్వులూ అప్పుడే చూసుకోవాలి. ఇవి బాగుండి కూడా డీజిల్ కారుతుంటే పంపు షాపుకు పంపి ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు సెట్టుగా మార్పించి కాలిబ్రేషన్ చేయించండి.

చిన్న బండ్లలో, ట్రాక్టర్లలో ఉండే రోటరీ పంపుకు పరీక్ష సులువు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే పంపు తల మీద తడి గుడ్డ కప్పి కాసేపు చల్లార్చండి. వెంటనే స్టార్ట్ అయితే హెడ్ అండ్ రోటర్ (పంపులో డీజిల్‌ను పంచే జత) అరిగింది. ఇంజిన్ తిరుగుతుండగా నీళ్లు పోస్తే రోటర్ పట్టేసి పంపే పోతుంది, జాగ్రత్త. ఇదే పంపుకు స్టాప్ సోలినాయిడ్ (డీజిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) కూడా ఉంటుంది. తాళం తిప్పగానే ‘టక్’ మనాలి. వేడి మీద ఆ శబ్దం లేక, వైరు దగ్గర వోల్టేజీ మాత్రం సరిగ్గా వస్తుంటే కాయిల్ పోయింది.

కామన్ రైల్ బండికి స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) కావాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైల్ ప్రెషర్ ఎంత చూపిస్తోంది? చాలా ఇంజిన్లలో సుమారు 200 బార్ దాటితే గానీ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్షన్ మొదలుపెట్టదు. మీ మోడల్ మాన్యువల్ ఏ అంకె చెబితే అదే ప్రమాణం. ప్రెషర్ రాకపోతే ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపు ఊడదీసి, పారదర్శక పైపులతో ఒకే సైజు సీసాల్లో పెట్టి సెల్ఫ్ కొట్టండి. మంచి ఇంజెక్టర్లన్నీ కొంచెంగా, ఇంచుమించు సమానంగా వదులుతాయి. ఒక్క సీసాలోనే ఎక్కువ నిండితే ఆ ఒక్కటి మార్చండి, అన్నీ మార్చాల్సిన పనిలేదు. అన్నీ సమానంగానే ఉంటే ప్రెషర్ లిమిటింగ్ వాల్వు, తర్వాత హైప్రెషర్ పంపు చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా రైల్ పైపుల నట్లు మాత్రం ఎప్పుడూ వదులు చేయొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే ప్రమాదం అది.

స్కానర్‌లో ఇంజిన్ ఆర్పీఎం సున్నా ఉంటే లెక్క వేరు. క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరిగే వేగాన్ని పసిగట్టేది) వేడికి తెగిపోతోంది. రెండు పిన్నుల సెన్సార్ అయితే వేడి మీద ఒకసారి, చల్లారాక ఒకసారి ఓమ్స్ కొలవండి. వేడిలో మీటరు అనంతం చూపితే మార్చేయండి. మూడు పిన్నుల వాటిలో చాలావాటిని ఓమ్స్‌తో పరీక్షించలేం, కప్లర్ దగ్గర సప్లై వోల్టేజీ, సిగ్నల్ చూడాలి. కొత్త సెన్సార్ కొనేముందు పాతదాని మొనకు ఇనప రజను అంటిందేమో, వైరు సైలెన్సర్‌కు తగిలి కాలిందేమో చూడండి.

హ్యాండ్ ప్రైమర్ కొడితే అందుకుంటుంది

చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొడితేనే స్టార్ట్ అవుతుందంటే డీజిల్ లైన్లో గాలి పట్టింది. సక్షన్ వైపు ఎక్కడో గాలి లాగుతోంది, బండి ఆగినప్పుడు డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోంది. పారదర్శక పైపును ఫీడ్ పంపు ముందు కలిపితే బుడగలు కనిపిస్తాయి. ఎండకు గట్టిపడిన రబ్బరు పైపులు, వాటర్ సెపరేటర్ కింది డ్రెయిన్ ట్యాపు, బాంజో బోల్టుల రాగి వాషర్లు వరసగా చూడండి. వాషర్లు కొత్తవే వేయాలి. టేపు చుడితే దాని ముక్కలు పంపులోకి పోతాయి.

ఏ సందర్భంలోనూ వేడి ఇంజిన్‌లోకి స్టార్టింగ్ కోసం కొట్టే ఈథర్ స్ప్రే కొట్టొద్దు. ముందే పేలి పిస్టన్ పగలొచ్చు, మంటలూ రావొచ్చు.

పంపు గానీ ఇంజెక్టర్లు గానీ అరిగిపోతే ట్యాంకు అడుగు కూడా చూడండి. కిరోసిన్ కలిసిన లూజు డీజిల్‌లో పంపుకు కావాల్సిన జిడ్డు తక్కువ, నీళ్లు కలిసింది తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, ఆ తర్వాతే కొత్త ఎలిమెంట్లు బిగించాలి. కామన్ రైల్ పంపు లోపల చితికి ఫిల్టర్‌లో లోహపు రజను కనిపిస్తే పంపు ఒక్కటే మారిస్తే సరిపోదు. రైల్, పైపులు, రిటర్న్ లైను, ట్యాంకు అన్నీ శుభ్రం చేసి, ఇంజెక్టర్లను బెంచి మీద పరీక్షించాకే బండి స్టార్ట్ చేయాలి.