లోతైన క్వారీలో జీపీఎస్‌కు నేల మీది తోడు

ఓపెన్‌కాస్ట్ గని లోతుకు దిగేకొద్దీ చుట్టూ ఉన్న హైవాల్ (తవ్వగా మిగిలిన నిటారు గోడ) దిగంతానికి దగ్గరి ఉపగ్రహాలను కప్పేస్తుంది. నడినెత్తిన మిగిలిన నాలుగైదు లెక్కకు సరిపోయినా, అన్నీ ఒకేచోట గుమిగూడి ఉండటం వల్ల డంపరు స్థానం పక్కలకు తప్పుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఉపగ్రహంలాగే సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్లను నేల మీద నిలుపుతారు. వీటినే సూడోలైట్లు అంటారు. ఈ ఆలోచన పాతదే. 1970లలో జీపీఎస్ ఉపగ్రహాలను ప్రయోగించకముందే అమెరికాలోని యూమా ఎడారిలో రిసీవర్లను ఇలాగే పరీక్షించారు.

పరికరాలు కొనకముందు క్వారీ అడుగున ఒక రిసీవర్‌ను రోజంతా ఉంచి, ఏ వేళ ఏ దిక్కు ఉపగ్రహాలు మరుగవుతున్నాయో నమోదు చేయాలి. ట్రాన్స్‌మిటర్లు ఆ దిక్కుల్లోనే ఉండాలి. అన్నిటినీ గట్టు మీదే పెట్టడం సులువే గానీ, ఎత్తు లెక్క కూడా కుదరాలంటే ఒకటి రెండింటిని కింది బెంచీల (గని గోడలో తవ్విన మెట్ల) మీద పెట్టడం మేలు. ప్రతి యాంటెన్నా స్థానాన్నీ సెంటీమీటర్ల కచ్చితత్వంతో సర్వే చేయాలి. బ్లాస్టింగ్ జరిగాక మళ్లీ సరిచూడాలి.

చాలామంది తడబడేది సంకేత బలం దగ్గర. ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి డంపరు ఎటు తిరిగినా దాని సంకేతం దాదాపు ఒకేలా అందుతుంది. నేల మీది ట్రాన్స్‌మిటరుకు 50 మీటర్ల దూరంలో ఉన్న బండి 5 కిలోమీటర్ల అవతలికి వెళ్తే బలం పదివేలో వంతుకు, అంటే 40 డెసిబెల్స్ మేర, పడిపోతుంది. రెండు సంకేతాల బలాల మధ్య జీపీఎస్ సాధారణ కోడు తట్టుకోగలిగే తేడా 20 డెసిబెల్స్‌కు కాస్త పైన మాత్రమే. అందువల్ల పవరు పెంచితే దూరపు బండికి మేలు జరగకముందే దగ్గరి బండికి ఉపగ్రహాలు వినబడకుండా పోతాయి. దీనికి విరుగుడు, సంకేతాన్ని నిరంతరం కాక కాలంలో సుమారు పదో వంతు మాత్రమే పల్సులుగా, అంటే చిన్న చిన్న విడతలుగా, పంపడం; మధ్య విరామాల్లో ఉపగ్రహాలు వినబడతాయి.

ట్రాన్స్‌మిటర్ల గడియారాల పొత్తు అంతే ముఖ్యం: ఒక నానోసెకను తేడా వస్తే దూరం లెక్క 30 సెంటీమీటర్లు, మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్లు తప్పుతుంది. స్థానం తెలిసిన ఒక రిఫరెన్స్ రిసీవర్‌తో ఆ తేడాలను కొలిచి బండ్లకు పంపవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన లొకాటా వ్యవస్థలో ట్రాన్స్‌మిటర్లే ఒకదాన్నొకటి విని సమయం కలుపుకుంటాయి, అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేస్తుంది. జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ మీద అనుమతి లేకుండా ప్రసారం చేయడం నేరమే కాక, పైన వెళ్లే విమానాలకూ ఇబ్బంది.

గాలి వల్ల సంకేతానికి కిలోమీటరుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరానికి సమానమైన జాప్యం ఉంటుంది కనుక ఉష్ణోగ్రత, పీడనం, తేమ చూసి సవరించాలి. చివరగా డంపరును సర్వే చేసిన బిందువుల మీద నిలిపి, ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ తప్పు ఎంత పెరుగుతోందో రాసుకోవాలి. ఆపినా తేడా కనిపించనిదాన్ని వేరే బెంచీకి మార్చాలి.