కీవే ఉన్న షాఫ్ట్‌కు ఇండక్షన్ హార్డెనింగ్

బేరింగ్ కూర్చునే చోట షాఫ్ట్ పైపొర మాత్రమే గట్టిపడి, లోపలి భాగం మెలిపెట్టే బలానికి విరగకుండా ఉండాలంటే ఇండక్షన్ హార్డెనింగ్ (షాఫ్ట్ చుట్టూ ఉండే కాయిల్‌లో కరెంటు పంపి పైపొరను వేడెక్కించి, వెంటనే చల్లార్చి గట్టిపరచడం) చక్కటి పద్ధతి. ఉదాహరణకు 40 మిల్లీమీటర్ల వ్యాసమున్న, ఈఎన్8 రకం ఉక్కుతో చేసిన షాఫ్ట్‌ను తీసుకుందాం.

ఈఎన్8లో కార్బన్ సుమారు 0.4 శాతం ఉంటుంది కనుక దానికి పదును ఎక్కుతుంది. మామూలు మైల్డ్ స్టీల్‌ను ఎంత కాల్చి చల్లార్చినా ఆ గట్టిదనం రాదు. హాట్ రోల్డ్ కడ్డీ నల్లటి పొట్టు కింద కార్బన్ తగ్గిపోయిన పలుచని పొర ఉంటుంది. లేత్ మీద దాన్ని పూర్తిగా తీసేయాలి.

కాయిల్‌లోని కరెంటు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వేడి పైపొరకే పరిమితమవుతుంది. ఎర్రగా కాలిన ఉక్కులో కరెంటు 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 5 మిల్లీమీటర్ల లోతుకూ, 250 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు ఒక మిల్లీమీటరుకూ దిగుతుంది. కాబట్టి 3 మిల్లీమీటర్ల గట్టిపొర కోరేవారు 10 కిలోహెర్ట్జ్ యంత్రాన్నే ఎంచుకోవాలి.

అసలు జాగ్రత్త కీవే (కీ కూర్చునేందుకు షాఫ్ట్‌లో కోసిన గాడి) దగ్గర కావాలి. దాని అంచుల్లో కరెంటు గుమికూడి, మిగతా భాగం నారింజ రంగుకు రాకముందే ఆ అంచులు తెల్లగా మెరుస్తాయి. చల్లార్చగానే పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే మూలలను ముందే గుండ్రంగా తీసి, కీవేలో రాగి ముక్కను బిగుతుగా దిగ్గొట్టాలి.

షాఫ్ట్‌ను తిప్పుతూ, కాయిల్‌కూ దానికీ మధ్య ఖాళీ చుట్టూ సమానంగా ఉండేలా చూసి, పైభాగాన్ని 880 నుంచి 920 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, ఆ వెంటనే పాలిమర్ కలిపిన నీటిని చిమ్మాలి. పని ఇక్కడితో అయిపోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. ఒకసారి సాయంత్రం చల్లార్చిన షాఫ్ట్‌ను టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేయడం) చేయకుండా నేను మర్నాటికి వదిలేశాను. పొద్దున చూస్తే కీవే మూల నుంచి వెంట్రుకంత చీలిక బారెడు పొడవున సాగి ఉంది. అప్పటి నుంచి చల్లారిన గంటలోపే 180 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, గంటన్నర ఉంచి తీస్తున్నాను.

మొదటి ముక్కను తప్పనిసరిగా అడ్డంగా కోసి, నున్నగా పాలిష్ చేసి, ఆల్కహాల్‌లో కలిపిన 3 శాతం నైట్రిక్ ఆమ్లం పూస్తే గట్టిపొర రంగు తేడాతో ఉంగరంలా కనిపిస్తుంది. ఆ ఉంగరం మందం అన్ని వైపులా ఒకేలా లేకపోతే షాఫ్ట్ కాయిల్ నడిమధ్యన లేదని అర్థం. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సీ స్కేలు మీద 50 నుంచి 55 వరకు వస్తే చాలు. ఆ తర్వాత గ్రైండింగ్‌లో కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధారాళంగా పోస్తూ, కోత పలుచగా వేయాలి. నీలిరంగు మచ్చ పడిందంటే అక్కడ పదును దిగిపోయినట్టే.