శవయాత్ర రోడ్డెక్కే ముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో వాళ్ళు ఏడుపులో ఉంటారు, ఇవన్నీ వాళ్ళని అడగొద్దు, బావమరిదో ఫ్రెండో ఒకడు మీదేసుకోవాలి.

- మెయిన్ రోడ్డు మీంచి వెళ్తుంటే ముందే లోకల్ స్టేషన్‌కి ఒక ఫోన్ కొట్టి రూటు, టైము చెప్పండి, జంక్షన్ దగ్గర కానిస్టేబుల్ ఉంటే సగం టెన్షన్ పోతుంది.

- స్కూళ్ళు వదిలే టైము, హైవే క్రాసింగు తప్పించుకోండి. గల్లీల్లోంచి దారుంటే కాస్త చుట్టైనా అదే బెటర్.

- పాడె మోసేవాళ్ళు, వెనక జనం అంతా ఎడమ పక్కనే నడవాలి, రోడ్డంతా ఆక్రమించొద్దు. దారికి అడ్డం పడితే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం) సెక్షన్ 285 కింద 5000 రూపాయల దాకా ఫైన్ ఉంది.

- ముందొకడు వెనకొకడు ఎర్ర గుడ్డ పట్టుకుని ఉండాలి, చీకటి పడితే టార్చి. వెనకుండేవాడు తాగి ఉండకూడదు, అసలు పాయింటు ఇదే.

- పూలు, పేలాలు, చిల్లర నడిరోడ్డు మీద చల్లొద్దు. తడి బంతిపూల మీద బైకు జారుతుంది, చిల్లర కోసం పిల్లలు బండ్ల కిందకి దూరతారు.

- టపాసులు పెట్రోల్ బంకు, ఆస్పత్రి దగ్గర వద్దు, డప్పులు కూడా అక్కడ కాసేపు ఆపండి.

- అంబులెన్స్ సైరన్ వినపడితే పాడెతో సహా పక్కకి జరగాలి, పోయినాయన ఏమీ అనుకోడు.

- దింపుడు కళ్ళెం రోడ్డు మలుపులో పెట్టకండి, ఎదురొచ్చే లారీకి కనపడదు.